పాత బ్లాక్ అండ్ వైట్ టీవీని బతికించడం: ఉప్పు కడగడం నుంచి ఐఎఫ్ అలైన్‌మెంట్ దాకా

విశాఖలో పాత టీవీలు బయటపడేది ఎక్కువగా ఇళ్లు ఖాళీ చేసేటప్పుడే. పెదవాల్తేరులోనో వన్‌టౌన్‌లోనో తాతగారి ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇస్తుంటే, మెట్ల కింద గదిలోంచి చెక్క షట్టర్ల టీవీ ఒకటి బయటికొస్తుంది. పాతసామాన్లవాడు దానికి ఇచ్చేదేమీ ఉండదు, పారేయడానికి మనకి చేతులు రావు. అక్కడి నుంచి దాదాపు ప్రతి ఇంట్లోనూ రెండు పనులు జరుగుతాయి. "ఓసారి పెట్టి చూద్దాం" అని ప్లగ్గు పెట్టేస్తారు. బొమ్మ రాకపోతే వెనక మూత తీసి, స్క్రూడ్రైవర్‌కి లొంగే ప్రతిదాన్నీ తిప్పేస్తారు. మొదటిదానికి కండెన్సర్ పేలుతుంది. రెండోదానికి టీవీ నిజంగానే చెడిపోతుంది.

ఐఎఫ్ (ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ, అంటే ఛానల్‌ని పట్టే ట్యూనర్ దాన్ని మార్చి లోపలికి పంపే స్థిర ఫ్రీక్వెన్సీ) కాయిళ్లని ఫ్యాక్టరీలో ఒకసారి సరిచేసి మైనం వేసి వదిలేశారు. నలభై ఏళ్లు మూల పడున్నా అవి వాటంతట అవి తిరగవు. ఎండిపోయేవి కండెన్సర్లు, నల్లబడేవి కాంటాక్టులు, పగుళ్లిచ్చేవి సోల్డర్లు. వీటన్నిటి మీదా పరుచుకునేది మన సముద్రపు ఉప్పు. కాబట్టి ఆ కాయిళ్లని తిప్పి సరిచేసే అలైన్‌మెంట్ ఆఖరి పని. చాలా సెట్లకి దాని అవసరమే రాదు.

## మీ చేతిలో ఉన్నది ఏ రకం?

మన వైపు దొరికేవి దాదాపు మూడు రకాలు. వాల్వులూ ట్రాన్సిస్టర్లూ కలిసిన హైబ్రిడ్ 20 అంగుళాల సెట్లు, పూర్తి ట్రాన్సిస్టర్ 20 అంగుళాల సెట్లు, 12 వోల్టుల బ్యాటరీ మీద కూడా నడిచే చిన్న పోర్టబుల్స్. పేర్లు చూస్తే హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీ, మద్రాసు నుంచి వచ్చిన డయనోరా, సాలిడైర్, ఒరిస్సా కోణార్క్ లాంటివి. కలర్ సెట్ల సంగతి వేరు. వాటి పిక్చర్ ట్యూబుకి 25 వేల వోల్టుల దాకా వెళ్తుంది, కన్వర్జెన్స్ అనే ఇంకో పెద్ద పని ఉంటుంది. ఇక్కడ చెప్పేది బ్లాక్ అండ్ వైట్ గురించే.

రకం తేల్చుకోవడం ఎందుకంటే, ప్రాణభయం ఎక్కడుందో అది చెబుతుంది. హైబ్రిడ్ సెట్లలో పీఎల్ 504, పీవై 88, పీసీఎల్ 805 లాంటి వాల్వులు కనిపిస్తాయి. పేరు 'పీ'తో మొదలైందంటే దాని హీటర్ 300 మిల్లీఆంపియర్ల సీరీస్ గొలుసులో ఉందని లెక్క. ఇలాంటి సెట్లకి సాధారణంగా మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఇంటి కరెంటులో ఒక వైరు నేరుగా ఛాసిస్‌కి తగులుతుంది. ప్లగ్గు తిరగేసి పెడితే ఛాసిస్ రేకు మొత్తం ఫేజే. ట్రాన్సిస్టర్ సెట్లలోనూ చాలావాటికి ఇదే ఏర్పాటు.

అందుకే బల్ల మీద పనిచేసేటప్పుడు వన్ టు వన్ ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. 250 వీఏది సరిపోతుంది. "మా దగ్గర పాత స్టెబిలైజర్ ఉంది కదా" అంటారు కొందరు. టీవీ కింద గూట్లో పెట్టుకున్న ఆ స్టెబిలైజర్లు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు. వోల్టేజీ సరిచేస్తాయి తప్ప మిమ్మల్ని ఫేజు నుంచి వేరు చేయవు.

## మూత తీశాక మొట్టమొదటి పని

పిక్చర్ ట్యూబు ఒక పెద్ద కండెన్సర్ కూడా. లోపలి పూత ఒక ప్లేటు, బయటి నల్లపూత ఇంకోటి, మధ్యలో గాజు. 20 అంగుళాల సెట్లో అక్కడ 15 నుంచి 18 వేల వోల్టులు నడుస్తాయి, ఆపేశాక కూడా మిగిలుంటాయి. ఏళ్ల తరబడి వాడని సెట్లో ఛార్జి ఉండదు, నిజమే. కానీ మీరు ఒకసారి ఆన్ చేసిన క్షణం నుంచి ఈ నియమం వర్తిస్తుంది.

బయటి నల్లపూతకి ఆనుకుని ఒక జడలాంటి రాగి తీగ సాగదీసి కట్టి ఉంటుంది. వైరుకి ఒక కొస అక్కడ క్లిప్ చేయండి. రెండో కొసని, మధ్యలో ఒక మెగోమ్ రెసిస్టర్ పెట్టి, ప్లాస్టిక్ పిడి ఉన్న పొడవాటి స్క్రూడ్రైవర్‌కి కట్టండి. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, రెండో చేత్తో స్క్రూడ్రైవర్ మొనని, ట్యూబుకి హై వోల్టేజీ వెళ్లే యానోడ్ మీది రబ్బరు టోపీ కిందికి పోనివ్వండి. ఐదు నిమిషాలాగి మళ్లీ ఒకసారి చేయండి, ఎందుకంటే గాజులో దాగిన ఛార్జి కొంత తిరిగొస్తుంది. వైరుని ఛాసిస్‌కి తగిలిస్తే ట్రాన్సిస్టర్లు పోవచ్చు, నల్లపూత తీగకే తగిలించండి.

ట్యూబుని మెడ పట్టుకుని ఎత్తకండి. మెడే దానిలో అన్నిటికంటే బలహీనమైన చోటు, అది విరిగితే ట్యూబు పోయినట్టే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కరెంటు పెట్టి పనిచేయకండి.

## ఉప్పు వదిలించడం

వేరే ఊళ్లవాళ్లు రాసే సూచనల్లో ఈ భాగం రెండు వాక్యాల్లో అయిపోతుంది. సముద్రం ఒడ్డునున్న లాసన్స్ బే నుంచి వచ్చిన సెట్టు మూత తీసి చూస్తే ఎందుకు ఎక్కువ చెబుతున్నానో తెలుస్తుంది. దుమ్ము పొడిగా ఉండదు. వేలు పెడితే జిగురుగా, తడిగా తగులుతుంది. అందులో ఉప్పు ఉంది, గాల్లో చెమ్మ ఎక్కినప్పుడల్లా అది నీరు పీల్చుకుంటుంది. బోర్డు మీద రాగిగీతల అంచుల్లో పచ్చటి పొడి, ట్యూనర్ డబ్బా మూలల్లో తెల్లటి పొక్కులు, ట్రాన్సిస్టర్ కాళ్ల మొదట్లో నల్లటి చారలు కనిపిస్తాయి.

చాలామంది మెకానిక్కులు బోర్డుని పెట్రోలు బ్రష్షుతో తుడుస్తారు. జిడ్డు పోతుంది, మెరుస్తుంది, కానీ ఉప్పు పెట్రోల్లో కరగదు. ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)లో కూడా దాదాపు కరగదు. ఉప్పు పోవాలంటే నీళ్లే కావాలి, అదీ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్. వరస ఇలా పెట్టుకోండి: ముందు మెత్తటి పెయింట్ బ్రష్షుతో పొడిదుమ్ము, తర్వాత పాత టూత్‌బ్రష్షుని డిస్టిల్డ్ వాటర్లో ముంచి పిండి బోర్డు రెండు వైపులా, ఆ వెంటనే ఐపీఏతో ఇంకోసారి. ఐపీఏ ఉప్పు తీయడానికి కాదు, మిగిలిన నీటిని లాక్కుపోవడానికి. ట్రాన్స్‌ఫార్మర్లు, యోక్ (ట్యూబు మెడ చుట్టూ ఉండే కాయిల్), ఐఎఫ్ డబ్బాల్లోకి నీళ్లు పోనివ్వకండి.

ఆరబెట్టడం కూడా మన వాతావరణానికి తగ్గట్టే. మే నెల ఎండలో పెట్టినా చెమ్మ వదలదు. మూత తెరిచి, క్యాబినెట్ కింది భాగంలో 40 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు ఒకటి, చెక్కకీ వైర్లకీ తగలకుండా, మీరు ఇంట్లో మెలకువగా ఉన్న సమయంలో రెండు మూడు రోజులపాటు వెలిగించండి. పిక్చర్ ట్యూబుకి వేల వోల్టులిచ్చే ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్ చుట్లలో చేరిన తేమ మెల్లగా పోవాలి. ఆ చెమ్మతోనే ఆన్ చేస్తే చుట్ల మధ్య స్పార్క్ వచ్చి కాలిపోతుంది, దానికి బదులు ఇంకోటి దొరకడం కష్టం. తుపాన్ల నెలలైన అక్టోబర్, నవంబర్లలో ఈ పని పెట్టుకోకపోవడం మంచిది. 2014 హుద్‌హుద్ వాన ఇంట్లోకి కొట్టిన సెట్టయితే స్పీకర్ పేపరు, చెక్క లోపలి అరలు కూడా విడిగా చూసుకోండి.

యానోడ్ టోపీ చుట్టూ గాజుని మాత్రం శ్రద్ధగా తుడవాలి. టోపీ ఎత్తి, అరచేయంత మేర గాజుని ముందు డిస్టిల్డ్ వాటర్‌తో, తర్వాత ఐపీఏతో. ఇక్కడ ఉప్పుపొర మిగిలితే ఏమవుతుందో తర్వాత గది చీకటి చేసి చూడొచ్చు: టోపీ అంచున నీలిరంగు వెలుగు సన్నగా ఆడుతుంది, సలసలమని చప్పుడు, కాస్త ఘాటైన ఓజోన్ వాసన. అది కనిపిస్తే ఆపేసి మళ్లీ తుడవండి.

ట్యూనర్ గిర్రున తిప్పే రకమైతే దాని కాంటాక్టులు నల్లగా ఉంటాయి. కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, ఛానల్ నాబ్‌ని ఇరవై ముప్ఫైసార్లు అటూ ఇటూ తిప్పితే చాలు. ఉప్పుకాగితం పెట్టి రుద్దితే వెండిపూత పోతుంది.

## కరెంటు పెట్టకముందే మార్చాల్సినవి

ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లని ఒక్కొక్కటీ పరీక్షిస్తూ కూర్చోవడం కంటే మార్చేయడం మేలు. పవర్ సప్లై ఫిల్టర్లు, బొమ్మని పైనుంచి కిందికి పరిచే వర్టికల్ సెక్షన్‌లోవి, ఆడియోకి వెళ్లే కప్లింగ్‌లు ముందు మార్చండి. విలువ అదే, వోల్టేజీ అంతే లేదా కొంచెం ఎక్కువ, 105 డిగ్రీలవి. పోలారిటీ రెండుసార్లు చూసుకోండి. హైబ్రిడ్ సెట్టయితే పీఎల్ 504 గ్రిడ్‌కీ, పీసీఎల్ 805 గ్రిడ్‌కీ వెళ్లే కప్లింగ్ కండెన్సర్లని తప్పక మార్చండి. అవి లీకైతే గ్రిడ్ బయాస్ చెదిరి వాల్వు ఎర్రగా కాలుతుంది.

తర్వాత డ్రై సోల్డర్లు. ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్ కాళ్లు, బీయూ 205 లాంటి లైన్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ కాళ్లు, యోక్ ప్లగ్గు పిన్నులు, వేడెక్కే పెద్ద రెసిస్టర్లు, ఇవన్నీ కొత్త సోల్డర్‌తో మళ్లీ అతికించండి. పగులు కంటికి కనిపించినా కనిపించకపోయినా.

## సీరీస్ బల్బుతో మొదటిసారి

ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బుని సీరీస్‌లో పెట్టండి. ఆన్ చేయగానే బల్బు ఒక్కసారి వెలిగి తగ్గితే క్షేమం. వెలిగి అలాగే ఉండిపోతే షార్ట్ ఉన్నట్టు, వెంటనే తీసేయండి. అనుమానించాల్సింది బ్రిడ్జి డయోడ్లని, ఫిల్టర్లని, లైన్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్‌ని.

బల్బు తగ్గి ఉంటే మీటరుతో సప్లై వోల్టేజీ చూడండి. సర్క్యూట్ కాగితం చాలా సెట్లలో వెనక మూత లోపలే అంటించి ఉంటుంది, ముందు దాన్ని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆ తర్వాత బల్బు తీసేసి నేరుగా ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద పెట్టి, సప్లై ప్రీసెట్‌తో (బోర్డు మీద స్క్రూడ్రైవర్‌తో తిప్పే సర్దుబాటు) కాగితంలో ఉన్న అంకెకి తీసుకురండి. ఇది సరిగ్గా లేకుండా మిగతా ఏ సర్దుబాటూ నిలవదు. హైబ్రిడ్ సెట్లో ఈ సమయంలో కళ్లు పీఎల్ 504 మీదే ఉండాలి. దాని ప్లేటు ఎర్రబడడం మొదలైతే డ్రైవ్ రావడం లేదని అర్థం, సెకన్లలో ఆపాలి.

గీతల్ని అడ్డంగా గీయించే లైన్ ఆసిలేటర్ పనిచేస్తుందో లేదో చెవితో చెప్పొచ్చు. మన ప్రసార ప్రమాణం 625 గీతలు, సెకనుకి 25 ఫ్రేములు. గుణిస్తే 15,625 హెర్ట్జ్, అదే ఆ సన్నటి కీచు. యాభై దాటినవాళ్లలో చాలామందికి వినపడదు. ఇంట్లో పదేళ్ల పిల్లో పిల్లాడో ఉంటే పిలిచి, గది గుమ్మం దగ్గరే నిలబెట్టి అడగండి. "కీ...మంటోంది తాతయ్యా" అంటే లైన్ సెక్షన్ బతికే ఉంది.

## సిగ్నల్ ఎక్కడి నుంచి?

డాబా మీద యాంటెన్నా కట్టినా ఈ టీవీకి పట్టేదేమీ లేదు. పాత అనలాగ్ ప్రసారాలు పోయాయి. కేబుల్ డిజిటైజేషన్ రెండో విడతలో 2013 మార్చి 31 గడువుగా విశాఖ కూడా ఉండడంతో, కేబుల్లో వచ్చే అనలాగ్ ఛానళ్లూ వెళ్లిపోయాయి. అందులో ఒక లాభం ఉంది. కేబుల్ ఆపరేటర్లు వాడిన అనలాగ్ మాడ్యులేటర్లు (బొమ్మనీ సౌండునీ టీవీ ఛానల్ సిగ్నల్‌గా మార్చే పెట్టెలు) ఎక్కడో అటకల మీద పడున్నాయి. మీ ఏరియా కేబుల్ ఆయన్ని మర్యాదగా అడిగి చూడండి. అవి మన ప్రమాణానికే తయారైనవి, సౌండు 5.5 మెగాహెర్ట్జ్ దూరంలో సరిగ్గా ఇస్తాయి. కొత్తగా కొనే చవక మాడ్యులేటర్లయితే పాల్ బీ/జీ ఉందా, వీహెచ్‌ఎఫ్‌లో ఇస్తుందా అని చూసి మరీ కొనండి. యూహెచ్‌ఎఫ్ మాత్రమే ఇచ్చేది మన పాత ట్యూనర్‌కి పనికిరాదు.

బొమ్మకి ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ టు ఏవీ కన్వర్టర్, అక్కడి నుంచి మాడ్యులేటర్. ఆ కన్వర్టర్ పక్కన ఎన్‌టీఎస్‌సీ, పాల్ అని చిన్న స్విచ్ ఉంటుంది, పాల్‌లో పెట్టండి. ఇది చూసుకోక వర్టికల్ సెక్షన్ మొత్తం విప్పేసినవాళ్లున్నారు. టీవీ వెనక రెండు స్క్రూల యాంటెన్నా టెర్మినల్ 300 ఓమ్‌లది, కేబుల్ 75 ఓమ్‌లది కాబట్టి మధ్యలో బాలన్ పెట్టాలి. ఛాసిస్ ఫేజుకి తగిలే సెట్లలో యాంటెన్నా టెర్మినల్ వెనక రెండు ఐసోలేషన్ కండెన్సర్లుంటాయి. అవి లీకైతే ఫేజు మీ ల్యాప్‌టాప్ దాకా వస్తుంది, మెయిన్స్‌కి తగిన వై క్లాస్ కండెన్సర్లు కొత్తవి వేయండి.

## బొమ్మని నిలబెట్టడం

ల్యాప్‌టాప్‌లో గళ్లూ పెద్ద వృత్తమూ ఉన్న టెస్ట్ ప్యాటర్న్ పెట్టుకోండి. సెట్టు అరగంట వేడెక్కాక మొదలుపెట్టండి.

హారిజాంటల్ హోల్డ్ ముందు. సర్క్యూట్ చూసి సింక్ సిగ్నల్‌ని తాత్కాలికంగా గ్రౌండుకి షార్ట్ చేయండి. బొమ్మ పక్కకి జారుతుంది. హోల్డ్ ప్రీసెట్‌ని తిప్పుతూ ఆ జారడం దాదాపు ఆగేదాకా తేవాలి. షార్ట్ తీసేయగానే బొమ్మ టక్కున అతుక్కుంటుంది. ముందుపక్క నాబ్ తిప్పి అంచనాగా పెట్టిన హోల్డ్ సెట్టు వేడెక్కగానే వదిలేస్తుంది, ఇలా పెట్టింది వదలదు.

వర్టికల్‌లో హైట్, లీనియారిటీ రెండూ ఒకదాన్నొకటి లాగుతాయి. వృత్తం పైసగం చప్పగా, కిందిసగం సాగినట్టుంటే లీనియారిటీతో సరిచేసి, మళ్లీ హైట్, మళ్లీ లీనియారిటీ. ఎంత తిప్పినా కింద ఖాళీ మిగిలితే ప్రీసెట్‌తో పోరాడకండి. అది దాదాపు ఎప్పుడూ కాథోడ్ దగ్గరి ఎలక్ట్రోలైటికో, వాడిపోయిన పీసీఎల్ 805నో. బొమ్మ కింద మడతపడితే కప్లింగ్ కండెన్సర్ లీకు.

బొమ్మ ఒరిగి ఉంటే యోక్ క్లాంపు వదులు చేసి తిప్పండి, సెట్టు ఆపేసి తిప్పడం, ఆన్ చేసి చూడడం, అంతేగానీ ఒకేసారి రెండూ వద్దు. యోక్‌ని ట్యూబు గంటకి గట్టిగా ఆనించాలి, వెనక్కి జరిగితే మూలలు చీకటిగా ఉంటాయి. మధ్యకి తేవడానికి యోక్ వెనక రెండు అయస్కాంత రింగులుంటాయి. మూలలు లోపలికి వంగి ఉంటే యోక్ చుట్టూ ఉన్న చిన్న అయస్కాంతాలతో సర్దొచ్చు. అది ఓపిక ఉన్నవాళ్ల పని, నేనైతే వదిలేస్తాను.

సిగ్నల్ బలాన్ని బట్టి గెయిన్‌ని సర్దే ఏజీసీ ప్రీసెట్‌ని చాలామంది పట్టించుకోరు. బొమ్మలో చీమలు పోయేదాకా తిప్పి, పైభాగం వంగడం, సౌండులో బర్రుమనే శబ్దం మొదలయ్యే చోటికి ముందే ఆపండి. "ఐఎఫ్ పోయింది" అనుకున్న సెట్లలో ఎన్నో ఇక్కడే బాగుపడతాయి.

## ఇంత చేశాకా బాగోకపోతేనే ఐఎఫ్

బొమ్మ మొత్తం పొగమంచులో ఉన్నట్టుండి, ట్యూబు మంచిదై, వీడియో దశ మంచిదై, ఎవరో కాయిళ్లు తిప్పిన ఆనవాళ్లు (మైనం పగిలి, కోర్ గాడి చెక్కుకుపోయి) ఉంటే మాత్రమే ఇటు రండి. ఇనప స్క్రూడ్రైవర్ వాడకండి. కోర్ విరగడమే కాదు, లోహం దగ్గరికి రాగానే ట్యూనింగే మారిపోతుంది. ప్లాస్టిక్ ట్రిమ్మర్ టూల్ కొనండి, గాడికి సరిగ్గా పట్టేది. తిప్పేముందు ప్రతి కోర్ దిశనీ మార్కర్‌తో గీసి ఫొటో తీసుకోండి.

మన సెట్లలో బొమ్మ క్యారియర్ 38.9 మెగాహెర్ట్జ్, సౌండు క్యారియర్ 33.4. రెండింటి తేడా 5.5, అదే సౌండ్ ఐఎఫ్. పక్క ఛానళ్లు 7 మెగాహెర్ట్జ్ దూరంలో ఉంటాయి కాబట్టి వాటిని ఆపే ట్రాప్‌లు 40.4 దగ్గరా 31.9 దగ్గరా ఉంటాయి. స్వీప్ జనరేటరూ స్కోపూ ఉంటే వంపు మొత్తం ఒకేసారి కనిపిస్తుంది. లేకపోతే మామూలు ఆర్ఎఫ్ జనరేటర్, మల్టీమీటర్, గ్రాఫ్ కాగితంతో కూడా పని జరుగుతుంది, సమయం పడుతుందంతే.

ట్యూనర్‌ని ఖాళీ ఛానల్లో పెట్టండి. ఏజీసీ లైనుకి సర్క్యూట్లో చెప్పిన స్థిర వోల్టేజీ బయటి నుంచి ఇవ్వండి, లేకపోతే అది మీరు చేసే ప్రతి మార్పునీ దాచేస్తుంది. జనరేటర్ని చిన్న కండెన్సర్ ద్వారా ట్యూనర్ ఐఎఫ్ టెస్ట్ పాయింట్‌కి కలిపి, వీడియో డిటెక్టర్ దగ్గర మీటరు పెట్టండి. సిగ్నల్ సన్నగా, మీటరు ఒక వోల్టు దాటకుండా ఉండాలి. 31 నుంచి 42 మెగాహెర్ట్జ్ దాకా అర మెగాహెర్ట్జ్ చొప్పున జరుపుతూ రీడింగ్ రాసుకుని, ఏ కోరూ తిప్పకముందే మొదటి గ్రాఫ్ గీయండి. ఎక్కడ తప్పిందో అదే చెబుతుంది.

ట్రాప్‌లతో మొదలుపెట్టండి: 40.4, 31.9 దగ్గర మీటరు కనిష్ఠానికి రావాలి. తర్వాత మిగతా కాయిళ్లతో వంపుని తీర్చాలి. శిఖరంలో ఉన్న విలువకి 38.9 దగ్గర సరిగ్గా సగం రావాలి. ఎందుకు సగమంటే, ప్రసారంలో తక్కువ ఫ్రీక్వెన్సీల వీడియో క్యారియర్‌కి రెండు వైపులా వస్తుంది, ఎక్కువవి ఒక్క వైపే. వాలు మధ్యలో క్యారియర్ని నిలబెడితే ఆ రెండు సగాలూ కలిసి ఒకటవుతాయి. 38.9 పైకెక్కితే బొమ్మ మొద్దుగా, పూసినట్టు వస్తుంది. కిందికి దిగితే అంచులకి నీడగీతలొచ్చి సింక్ బలహీనపడుతుంది. 33.4 దగ్గర శిఖరంలో ఐదు నుంచి పది శాతం ఉండే చిన్న మెట్టు కావాలి. అది ఎక్కువైతే మాట వినపడినప్పుడల్లా బొమ్మలో అడ్డగీతలు ఆడతాయి, తక్కువైతే సౌండు నీరసిస్తుంది. ఒక్కో కోర్ పావు చుట్టుకి మించి కదపాల్సి వస్తోందంటే ఆగి, ఆ దశలో పోయిన కండెన్సర్ ఉందేమో చూడండి.

సౌండు సులువు. సిగ్నల్ తగ్గించి కాస్త బుసబుసమనేలా పెట్టి, 5.5 కాయిల్‌ని శబ్దం బాగా పెరిగేదాకా, డిటెక్టర్ కాయిల్‌ని మాట స్పష్టంగా, బర్రుమనడం కనిష్ఠంగా ఉండేదాకా తిప్పితే అయిపోయినట్టే. అన్నీ కుదిరాక కోర్ల మీద చుక్క మైనం వేయండి, చివరి గ్రాఫు మూతలో సర్క్యూట్ కాగితం పక్కనే అంటించండి.

## క్యాబినెట్, తర్వాతి సంరక్షణ

చెదలు లేకపోతే చెక్కకి స్పిరిట్ పాలిష్ ఒక్క కోటు చాలు. ఫెవికాల్ రాసి క్లాంపు బిగిస్తే లేచిన వెనీర్ పడుకుంటుంది. షట్టర్ పట్టాలకి కొవ్వొత్తి రుద్దండి, నూనె వేస్తే దుమ్ము పడుతుంది. మూత బిగించేముందు ఫ్యూజు కాగితంలో రాసిన విలువదేనా చూడండి. పాత సెట్లలో వెండిరేకు చుట్టిన ఫ్యూజులు ఎన్నో దొరుకుతాయి. ప్లగ్గులో న్యూట్రల్ ఛాసిస్ వైపు వచ్చేలా టెస్టర్‌తో సరిచూసి, నాబ్‌ల స్క్రూలు వేలికి తగలకుండా టోపీలు పెట్టండి. హాల్లో సముద్రం వైపు కిటికీకి ఎదురుగా పెట్టకండి. జూన్ నుంచి నవంబర్ దాకా వారానికి ఒకసారైనా గంటసేపు ఆన్ చేసి ఉంచండి, లోపలి వేడికి చెమ్మ పోతుంది. చాలారోజులు ఆపి ఉంచితే మాత్రం మళ్లీ ఆ 40 వాట్ల బల్బుతో ఆరబెట్టాకే ప్లగ్గు పెట్టాలి.